శాటిలైట్ ఫోన్ సంగతి తర్వాత, ముందు మీ రెండో సిమ్ మార్చండి

పోయిన డిసెంబర్‌లో నలుగురం, మూడు బైకులు, రాజమండ్రి నుంచి భద్రాచలం వైపు బయల్దేరాం. మారేడుమిల్లి దాటాక ఘాట్‌లో ఒక మలుపు దగ్గర మా రూమ్మేట్ బైక్ కంకర మీద జారింది. హెల్మెట్ ఉంది కాబట్టి తలకి ఏం కాలేదు. కానీ భుజం దగ్గర ఎముక విరిగింది. చెయ్యి కొంచెం కదిపినా అరుస్తున్నాడు. టైమ్ సాయంత్రం నాలుగున్నర. చలికాలం, అడవి, ఇంకో గంటలో చీకటి.

నాలుగు ఫోన్లూ బయటికి తీశాం. ఒక్కదానికీ సిగ్నల్ లేదు. ఉండదు కూడా, ఎందుకంటే నలుగురివీ ఒకే కంపెనీ సిమ్‌లు. ఆఫీసులో అన్‌లిమిటెడ్ 5జీ బాగా వస్తోందని ఒకడి తర్వాత ఒకడు పోర్ట్ అయిపోయాం. వాటిలో ఒక ఫోన్ ఖరీదు లక్షా ముప్పై వేలు. దాని లాంచ్ ఈవెంట్‌లో మంచుకొండ మీద చిక్కుకున్న మనిషి ఆకాశం వైపు ఫోన్ చూపించి సాయం అడిగే వీడియో మేమందరం కలిసే చూశాం. ఘాట్‌లో ఆ ఫోన్ సెట్టింగ్స్ మొత్తం వెతికినా ఆ ఆప్షన్ లేదు. ఇండియాలో ఇవ్వలేదు మరి.

నలభై నిమిషాల తర్వాత ఒక సర్వీస్ ఆటో వచ్చింది. డ్రైవర్‌గారి చేతిలో రబ్బర్‌బ్యాండ్ చుట్టిన కీప్యాడ్ ఫోన్. "మీ కంపెనీది ఇక్కడ ఎక్కదు బాబూ, దీన్లోంచి చేయండి" అన్నారు. 108కి కాల్ వెళ్లింది, అంబులెన్స్ వచ్చింది. వెళ్లే ముందు ఆయన నా ఫోన్ స్క్రీన్ చూసి ఇంకో మాట అన్నారు. "ఎమర్జెన్సీ కాల్స్ అని రాసుంది కదండీ, 112 కొడితే ఎల్తాదండి. మీకు తెలీదా?"

తెలీదు. బీటెక్‌లో మొబైల్ కమ్యూనికేషన్స్ సబ్జెక్ట్ చదివి పాసయ్యాను. ఇప్పుడు రోజంతా సర్వర్లు పడిపోకుండా చూసే ఉద్యోగం. ఒకటి పోతే ఇంకొకటి పనిచేయాలని రోజూ టీమ్‌కి చెప్తుంటాను. నా జేబులో ఉన్నదానికి మాత్రం బ్యాకప్ పెట్టుకోలేదు.

మా వాడు బాగానే ఉన్నాడు. ఫిజియోథెరపీ అయిపోయింది, మళ్లీ బైక్ ఎక్కాడు. కానీ ఆ నలభై నిమిషాల గురించి నాకో అభిప్రాయం గట్టిగా కుదిరింది. ఈ మధ్య ఎవరు ట్రిప్‌కి వెళ్తున్నా "శాటిలైట్ ఉన్న ఫోన్ ఏది బ్రో?" అని అడుగుతున్నారు. నా జవాబు ఒకటే. మన దేశంలో ఇవాళ ఆ ఫీచర్ కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి. ముందు రెండో సిమ్ సరిగ్గా ఎంచుకోండి. ఆ తర్వాత, శాటిలైట్ ఎస్ఓఎస్ మనకి ఎందుకు లేదో అందరం కలిసి అడుగుదాం. అడగాల్సిన విషయమే అది.

సిగ్నల్ మూడు మెట్లు

కవరేజ్ గురించి ఆలోచించేటప్పుడు నేను దాన్ని మూడు మెట్లుగా చూస్తాను. మొదటిది, మీ కంపెనీ టవర్ అందే చోటు. రెండోది, మీ కంపెనీ టవర్ లేదు కానీ వేరే కంపెనీది ఉన్న చోటు. మూడోది, ఎవరి టవరూ లేని చోటు.

శాటిలైట్ అవసరమయ్యేది మూడో మెట్టులోనే. మన ఊళ్ల మధ్య తిరిగే మామూలు మనిషి ఎక్కువసార్లు ఇరుక్కునేది రెండో మెట్టులో. మేం ఆ రోజు ఇరుక్కున్నదీ అక్కడే. టవర్ ఉంది, మాది కాదు. అంతే.

మొదటి మెట్టు: మీ మెయిన్ సిమ్

సిమ్ ఎంచుకోవడానికి యాడ్‌లు చూడకండి. నంబర్ వన్ నెట్‌వర్క్ అని ఎవరు చెప్పినా అది దేశం మొత్తం మీద లెక్క. మీకు కావాల్సింది నాలుగు చోట్లు: మీ బెడ్‌రూమ్, మీ ఆఫీసు సెల్లార్, రోజూ వెళ్లే దారి, అమ్మానాన్నల ఊరు. ఈ నాలుగింటిలో మూడు చోట్ల బాగా వచ్చేదే మీ నెట్‌వర్క్.

చూసుకోవడం కష్టం కాదు. ట్రాయ్ చెప్పడంతో టెలికాం కంపెనీలన్నీ తమ కవరేజ్ మ్యాప్‌లను వెబ్‌సైట్లలో పెట్టాయి. 2జీ, 4జీ, 5జీ విడివిడిగా కనిపిస్తాయి. అయితే మ్యాప్‌లో రంగు ఉన్నంత మాత్రాన మీ ఇంట్లో సిగ్నల్ ఉంటుందని కాదు. కాబట్టి ఫ్రెండ్ ఫోన్‌తో ఒకసారి కొలిచి చూడండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డయలర్‌లో *#*#4636#*#* కొడితే సిగ్నల్ బలం డీబీఎంలో కనిపిస్తుంది. 4జీలో మైనస్ 90 చుట్టుపక్కల ఉంటే హాయిగా ఉంటుంది. మైనస్ 110 దాటితే కాల్స్ తెగడం మొదలవుతుంది. మైనస్ 120 అంటే పేరుకే సిగ్నల్. స్క్రీన్ మీద గీతల లెక్క ఒక్కో ఫోన్ కంపెనీ ఒక్కోలా వేస్తుంది, దాన్ని నమ్మకండి.

ఇక్కడ మన రివ్యూల మీద కూడా నాకో కంప్లయింట్ ఉంది. కెమెరాకి అరగంట వీడియో, చిప్‌సెట్‌కి పది గ్రాఫులు, రేడియోకి మాత్రం "నెట్‌వర్క్ బాగుంది" అని ఒక లైన్. ఫోన్ అసలు పని అదే కదా? స్పెక్ షీట్‌లో చివర చిన్న అక్షరాల్లో ఉండే బ్యాండ్ల లిస్ట్ ఒకసారి చదవండి. ఫ్రీక్వెన్సీ తక్కువైతే సిగ్నల్ ఎక్కువ దూరం వెళ్తుంది, గోడల్లోంచీ చెట్లలోంచీ బాగా దూరుతుంది. 700, 850, 900 మెగాహెర్ట్జ్ అలాంటివి. 2300, 3300 లాంటివి స్పీడ్ బాగా ఇస్తాయి కానీ దూరం పోవు. సిటీలో 5జీ స్పీడ్ టెస్ట్ పెట్టి మురిసిపోయే నెట్‌వర్క్ ఘాట్‌లో పడిపోవడానికి ఇదో కారణం.

2025 సెప్టెంబర్‌లో దేశవాళీ టెక్నాలజీతో మొదలైన బీఎస్ఎన్ఎల్ 4జీ 700 మెగాహెర్ట్జ్‌ని, అంటే బ్యాండ్ 28ని వాడుతుంది. జియో 5జీకి కూడా 700 ఉంది. మీ ఫోన్‌లో 28 లేకపోతే పల్లెల్లో వచ్చే ఆ సిగ్నల్‌లో కొంత భాగం మీకు లేనట్టే. అమెరికా నుంచి బావ తెచ్చిన ఫోన్, ఆన్‌లైన్‌లో కొన్న చైనా వేరియంట్ వాడేవాళ్లు ఈ లిస్ట్ తప్పకుండా చూసుకోవాలి.

రెండో మెట్టు: రెండో సిమ్, 112

మన ఫోన్లన్నిటికీ రెండు సిమ్ స్లాట్లు ఉంటాయి. చాలామంది రెండోదాన్ని ఖాళీగా ఉంచుతారు. లేదంటే అదే కంపెనీ నంబర్ ఇంకొకటి వేస్తారు, ఆఫర్ వచ్చిందనో పాత నంబర్ వదల్లేకనో. ఒకే కంపెనీ సిమ్‌లు రెండు పెట్టుకుంటే కవరేజ్ విషయంలో మీకు ఒక్క సిమ్మే ఉన్నట్టు.

నా రూల్ సింపుల్. మెయిన్ సిమ్ సిటీ కోసం, రెండో సిమ్ దారి కోసం. రెండోదానికి డేటా అక్కర్లేదు, స్పీడ్ అక్కర్లేదు. మీరు తిరిగే ఏరియాలో మెయిన్ సిమ్ పడిపోయిన చోట అది నిలబడితే చాలు. అది ఏ కంపెనీదో నేను చెప్పను, చెప్పకూడదు కూడా. అరకు వైపు ఒకటి బాగుంటే నల్లమలలో ఇంకొకటి బాగుండొచ్చు. అక్కడి ఆటోడ్రైవర్‌ని, టీ కొట్టు ఆయన్ని అడగండి. ఏ యూట్యూబర్‌కన్నా వాళ్లకే బాగా తెలుసు.

ఖర్చు సంగతి. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ రూల్ మార్చాక డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే ప్యాక్‌లు వచ్చాయి. రెండో సిమ్‌కి అవి సరిపోతాయి, నెలకి లెక్కేస్తే ఒక బిర్యానీ ఖర్చు. ఒక జాగ్రత్త: ప్రీపెయిడ్ సిమ్‌ని 90 రోజులు అసలు వాడకపోతే కనెక్షన్ కట్ చేసే అవకాశం ఉంది. బ్యాలెన్స్‌లో 20 రూపాయలు ఉంటే ఇంకో 30 రోజులు పొడిగిస్తారు. కాబట్టి నెలకోసారి ఆ నంబర్ నుంచి ఇంటికి ఒక కాల్ చేయండి. అమ్మ కూడా సంతోషిస్తుంది.

ఇక 112. మొబైల్ స్టాండర్డ్‌లోనే ఎమర్జెన్సీ కాల్‌కి ప్రత్యేక దారి ఉంది. మీ కంపెనీ టవర్ దొరక్కపోతే, ఫోన్ చుట్టుపక్కల ఉన్న వేరే కంపెనీ టవర్‌ని పట్టుకుని ఎమర్జెన్సీ కాల్ వరకు మాత్రం అనుమతి తీసుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని కనిపించడానికి అర్థం అదే. సిగ్నల్ లేదని కాదు, మీది కాని సిగ్నల్ ఉందని. ప్రతి ఫోన్ ఎమర్జెన్సీ నంబర్‌గా గుర్తుపట్టేది 112ని. మామూలు నంబర్లకు, ఇంటికి ఎన్నిసార్లు ట్రై చేసినా ఆ టవర్ కాల్ తీసుకోదు. మేం నలభై నిమిషాలు చేసింది సరిగ్గా ఈ తప్పే. తెలిసినవాళ్లందరికీ కాల్ చేయబోయాం, 112కి తప్ప.

"నో సర్వీస్" అని ఉన్నా సరే, ఒకసారి 112 కొట్టి చూడండి. నష్టం లేదు. వెళ్లకపోతే కొంచెం ఎత్తుకి, చెట్లు తక్కువ ఉన్న చోటికి నడిచి మళ్లీ చేయండి. మధ్యలో ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది, బ్యాటరీ తాగేస్తుంది. అసలు అవసరానికి 4 శాతం మిగిలితే ఏం లాభం?

ఇంకో మంచి విషయం కూడా వచ్చింది. ప్రభుత్వ నిధితో మారుమూల కట్టిన 4జీ టవర్లను జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ కస్టమర్లు ఎవరైనా వాడుకునే ఏర్పాటు 2025 జనవరిలో మొదలైంది. దీన్నే ఇంట్రా సర్కిల్ రోమింగ్ అంటారు. అన్ని టవర్లకీ ఇది వర్తించదు, కానీ ఉన్నచోట పనిచేయాలంటే మీ ఫోన్‌లో నెట్‌వర్క్ సెలక్షన్ ఆటోమేటిక్‌లో ఉండాలి. మాన్యువల్‌లో పెట్టి మర్చిపోయినవాళ్లు ఇప్పుడే మార్చేయండి.

లడఖ్, అమర్‌నాథ్, వైష్ణోదేవి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్, లడఖ్‌లలో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. బైక్ సర్వీసింగ్‌తో పాటు, గ్రూప్‌లో కనీసం ఇద్దరు, వేర్వేరు కంపెనీల్లో, పోస్ట్‌పెయిడ్‌లోకి మారడం కూడా ప్లాన్‌లో రాసుకోండి.

మూడో మెట్టు: ఆకాశం

ఇప్పుడు అందరికీ ఇష్టమైన టాపిక్. శాటిలైట్ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు సర్వీసులు కలిసిపోతున్నాయి. విడదీద్దాం.

ఒకటి, పాతకాలం నుంచి ఉన్న శాటిలైట్ ఫోన్లు. పెద్ద యాంటెన్నా, లావుపాటి ఫోన్. ఇరిడియం నెట్‌వర్క్‌కి 66 ఉపగ్రహాలు, సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి కాబట్టి ధ్రువాల దగ్గర కూడా పనిచేస్తుంది. ఇన్‌మార్‌శాట్, తురాయా ఉపగ్రహాలు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, మనకి ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టు కనిపిస్తాయి. అంత దూరం వెళ్లి రావాలి కాబట్టి మీ మాట అవతలివాళ్లకి చేరడానికి పావు సెకను పడుతుంది. ఆ దిక్కున కొండ అడ్డం వస్తే కాల్ ఉండదు.

రెండు, స్టార్‌లింక్ లాంటి డిష్ ఇంటర్నెట్. దీనికి 2025 జూన్‌లో మన టెలికాం శాఖ లైసెన్స్ ఇచ్చింది. కానీ అది ఇంటి మీద డిష్ పెట్టుకుని, కరెంట్ ఇచ్చి, వైఫై వాడుకునే సర్వీస్. "స్టార్‌లింక్ వస్తే అడవిలో కూడా ఫోన్ పనిచేస్తుందట కదా?" అని మా ఆఫీసులో కనీసం పదిమంది అడిగారు. డిష్ వీపున కట్టుకుని బైక్ నడిపితే తప్ప కుదరదు.

మూడు, మామూలు ఫోన్ నుంచే నేరుగా ఉపగ్రహానికి. ఇది కొత్త ఆట. ఐఫోన్ 14తో మొదలై 2022 నవంబర్‌లో అమెరికా, కెనడాల్లో గ్లోబల్‌స్టార్ ఉపగ్రహాల ద్వారా ఎస్ఓఎస్ వచ్చింది. గూగుల్ పిక్సెల్ 9 కూడా అమెరికాలో అదే దారి పట్టింది. 2025 జులైలో టీ-మొబైల్, స్టార్‌లింక్‌తో కలిసి 650కి పైగా ఉపగ్రహాల ద్వారా మామూలు ఫోన్లకి మెసేజ్‌లు అందించే సర్వీస్ మొదలుపెట్టింది.

ఇది గొప్ప ఇంజనీరింగ్. మీ 4జీ ఫోన్ గరిష్ఠంగా పంపే పవర్ 200 మిల్లీవాట్లు. ఒక చిన్న ఎల్ఈడీ బల్బులో ఐదో వంతు కూడా కాదు. అంత బలహీనమైన సిగ్నల్‌ని వందల కిలోమీటర్ల పైనుంచి, గంటకి 27,000 కిలోమీటర్ల వేగంతో పోతున్న యంత్రం వినాలి. అందుకే ఇది టవర్‌కి ప్రత్యామ్నాయం కాదు. యాపిల్ చెప్పే లెక్క ప్రకారమే, ఆకాశం పూర్తిగా కనిపిస్తే మెసేజ్ వెళ్లడానికి సుమారు 15 సెకన్లు, చెట్ల కింద అయితే నిమిషం పైన. దట్టమైన చెట్ల కింద వెళ్లకపోవచ్చు కూడా. మారేడుమిల్లి అడవిలో ఆ ఆప్షన్ ఉండుంటే కూడా మేం ఖాళీ జాగా వెతుక్కోవాల్సి వచ్చేది.

ఇంకో పాఠం కూడా గుర్తుంచుకోండి. 2023 జనవరిలో క్వాల్‌కామ్, ఇరిడియం కలిసి ఆండ్రాయిడ్ ఫోన్లకి శాటిలైట్ మెసేజింగ్ తెస్తామని ప్రకటించాయి. అదే ఏడాది చివరికి ఆ ఒప్పందం రద్దయింది. ఫోన్ కంపెనీలు ముందుకు రాలేదు. స్టేజి మీద చూపించిన ఫీచర్‌ని నమ్మి ఫోన్ కొంటే ఇలాగే ఉంటుంది. మీ దేశంలో, మీ మోడల్‌లో, ఇవాళ పనిచేస్తోందా? ఈ మూడింటికీ అవునని జవాబు వస్తేనే ఆ ఫీచర్‌కి డబ్బులు పెట్టండి.

చట్టం సంగతి, సీరియస్‌గా

ఇండియాలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ వాడటం, దగ్గర ఉంచుకోవడం నేరం. తురాయా, ఇరిడియం ఫోన్లు ప్రత్యేక అనుమతి లేకుండా దేశంలోకి తేకూడదు. చట్టబద్ధంగా దొరికే దారి ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహాలతో బీఎస్ఎన్ఎల్ 2017 నుంచి ఇస్తున్న సర్వీస్. అది ప్రధానంగా విపత్తు నిర్వహణ, భద్రతా దళాలు, షిప్పింగ్ లాంటి వాటికి. వీకెండ్ ట్రిప్‌కి వెళ్లే మనకి కాదు.

చాలామందికి తెలియనిది ఏంటంటే, ట్రెక్కర్లు వాడే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి చిన్న పరికరాలు కూడా ఇరిడియం మీదే పనిచేస్తాయి. అవీ ఈ లెక్కలోకే వస్తాయి. వాటితో దొరికిన విదేశీ టూరిస్టులను మన ఎయిర్‌పోర్టుల్లో ఆపేసి కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్య "హిమాలయాలకి వెళ్తున్నావు కదా, నా ఇన్‌రీచ్ పంపిస్తా" అంటే థ్యాంక్స్ చెప్పి వద్దనండి. ఆయన సెలవులకి ఇంటికి వస్తున్నా బ్యాగులో పెట్టుకోవద్దని చెప్పండి. శాటిలైట్ ఫీచర్ ఉన్న ఐఫోన్ తెచ్చుకోవడానికి మాత్రం ఇబ్బంది లేదు, ఇక్కడ ఆ ఫీచర్ ఆన్ అవ్వదు, అంతే.

బయటి దేశం వెళ్తే లెక్క మారుతుంది

ఎంఎస్‌కి అమెరికా వెళ్లేవాళ్లు ఈ మూడు మెట్లనీ అక్కడికి అన్వయించుకోండి. అక్కడ 3జీ నెట్‌వర్క్‌లు 2022లోనే మూసేశారు. కాబట్టి ఇక్కడ కొన్న ఫోన్‌లో ఇంటర్నెట్ వచ్చినా, వోల్టీ కుదరకపోతే కాల్స్ రావు. ఏటీ అండ్ టీ అయితే తన నెట్‌వర్క్‌లో పనిచేసే మోడళ్ల లిస్ట్ పెట్టింది. విమానం ఎక్కే ముందే చూసుకోండి.

రెండో సిమ్ రూల్‌కి అక్కడో చిక్కు ఉంది. పేర్లు వేరు, టవర్ ఒకటే. మింట్ నడిచేది టీ-మొబైల్ టవర్ల మీద. విజిబుల్ వెరైజాన్‌ది. క్రికెట్ ఏటీ అండ్ టీది. రూమ్మేట్స్ అందరూ చవకని మింట్ తీసుకుంటే, యెల్లోస్టోన్‌లో మా ఘాట్ కథే రిపీట్ అవుతుంది. ఒక్కడైనా వేరే టవర్ల మీద నడిచేది తీసుకోండి.

అక్కడ మాత్రం శాటిలైట్ నిజంగా పనికొస్తుంది. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లు ఇండియాలో కొన్నవైనా ఆ సర్వీస్ ఉన్న దేశంలో ఎస్ఓఎస్ వాడుకోవచ్చు. సెట్టింగ్స్‌లో డెమో కూడా ఉంటుంది. రోడ్ ట్రిప్‌కి ముందే ఒకసారి ప్రాక్టీస్ చేయండి. దెబ్బ తగిలాక నేర్చుకునే పని కాదది.

థాయ్‌లాండ్, దుబాయ్ లాంటి చిన్న ట్రిప్‌లకి ట్రావెల్ ఈసిమ్ బాగుంటుంది. కానీ వాటిలో చాలావరకు డేటా మాత్రమే ఉంటుంది, నంబర్ ఉండదు. బ్యాంక్ ఓటీపీ మీ ఇండియా నంబర్‌కే వస్తుంది. కాబట్టి ఇక్కడి సిమ్‌కి బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ యాక్టివేట్ చేయించుకుని, డేటా రోమింగ్ ఆఫ్ చేసి, ఓటీపీల కోసం ఉంచుకోండి. ఎస్ఎంఎస్ ఛార్జీలు మాత్రం ముందే కనుక్కోండి.

మరి మనకెందుకు లేదు?

ఇప్పుడు అసలు అభిప్రాయం. ఫోన్లలో శాటిలైట్ ఎస్ఓఎస్‌ని ఇండియాలో కూడా అనుమతించాలి.

ప్రభుత్వం భయం ఊరికే పుట్టలేదు. 2008లో ముంబై మీద దాడి చేసినవాళ్లు శాటిలైట్ ఫోన్ వాడారు. దేశంలో టవర్లకు, చట్టానికి అందకుండా ఎవరు పడితే వాళ్లు మాట్లాడుకునే వీలు ఉండకూడదన్న వాదన నాకు అర్థమవుతుంది. వాయిస్ కాల్స్‌కి లైసెన్స్ ఉండాలంటే ఒప్పుకుంటాను. కానీ ఎస్ఓఎస్ వేరు. అది మీ పేరు మీదున్న సిమ్‌తో, మీ లొకేషన్ బయటపెడుతూ, 112కి వెళ్లే నాలుగు లైన్ల మెసేజ్. ఆ మెసేజ్ ఇండియాలో ఉన్న గేట్‌వే నుంచే వెళ్లాలని రూల్ పెట్టండి. దాక్కోవాలనుకునేవాడు ఎవడూ తన లొకేషన్ పోలీసులకి తానే పంపడు.

ఇది కుదరని పని కూడా కాదు. సముద్రంలోకి వెళ్లే మన మత్స్యకారుల కోసం లక్ష పడవలకి ఇస్రో టెక్నాలజీతో చేసిన ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. టవర్ అందని చోట నుంచి మన ఉపగ్రహం ద్వారానే ఆపదలో ఉన్నామని మెసేజ్ పంపొచ్చు, తుఫాను హెచ్చరిక అందుకోవచ్చు. అంటే మామూలు పౌరుడి చేతికి శాటిలైట్ మెసేజింగ్ ఇవ్వడం ప్రభుత్వానికి కొత్త కాదు. సముద్రంలో ఇచ్చినది అడవిలో ఎందుకు ఇవ్వకూడదు?

2025 డిసెంబర్ 24న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ బ్లూబర్డ్ బ్లాక్-2 అనే అమెరికా ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. సుమారు 6,100 కిలోల బరువు. దాని పని మామూలు ఫోన్లతో నేరుగా మాట్లాడటం. మా నెల్లూరు ఫ్రెండ్ దాన్ని వాళ్ల మేడ మీద నుంచి చూసి వీడియో పంపాడు. మన నేల మీద నుంచి, మన రాకెట్‌లో వెళ్లిన ఉపగ్రహం వేరే దేశాల ఫోన్లకి సిగ్నల్ ఇవ్వడానికి పైకి వెళ్తుంటే, భుజం విరిగినవాడి పక్కన కూర్చుని ఆటో కోసం ఎదురుచూసిన ఆ సాయంత్రమే నాకు గుర్తొచ్చింది.

ఇది ట్రెక్కింగ్ చేసేవాళ్ల గొడవ మాత్రమే అనుకోకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వైజాగ్ లాంటి సిటీలో ఫోన్లు మూగబోయాయి. మా పిన్ని వాళ్లు గాజువాకలో ఉండేవాళ్లు. మూడు రోజులు వాళ్ల గొంతు వినలేదు. నేను స్కూల్లో ఉన్నా అప్పుడు. ఇంట్లో అమ్మ రీడయల్ నొక్కుతూ కూర్చోవడం ఇంకా గుర్తుంది. టవర్లు పడిపోయిన రోజు సిటీ మొత్తం మూడో మెట్టులోకి వెళ్లిపోతుంది. ఎన్ని కంపెనీల సిమ్‌లు ఉన్నా ఆ రోజు పనిచేయవు. "బతికే ఉన్నాం" అని ఒక్క లైన్ పంపే వీలుంటే చాలు.

ఆ వీలు వచ్చేవరకు మన చేతిలో ఉన్నది చేద్దాం. ఈ వారం మూడు పనులు పెట్టుకోండి. మీ రెండు సిమ్‌లు వేర్వేరు కంపెనీలవేనా చూడండి. నెట్‌వర్క్ సెలక్షన్ ఆటోమేటిక్‌లో పెట్టండి. అమ్మానాన్నలకి, బైక్ ఉన్న ప్రతి ఫ్రెండ్‌కి 112 సంగతి చెప్పండి.

మా గ్రూప్‌లో ఇప్పుడు నలుగురికీ మూడు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉన్నాయి. లక్షా ముప్పై వేల ఫోన్‌ ఉన్నవాడు రెండో స్లాట్‌లో ఏ సిమ్ వేయాలో ఆ ఆటోడ్రైవర్‌గారికే ఫోన్ చేసి అడిగాడు.